మిషను చప్పుడు చాటున

మిషనమ్మ కుట్టుమిషను ఉత్తినే తొక్కుతోంది. సూదిలో దారం లేదు, పాదం కింద గుడ్డ లేదు. అంచు మడవాల్సిన పంట్లాము ఒకటి మధ్యాహ్నం నుంచీ కుర్చీ మీద పడి ఉంది. దాని తాలూకు మనిషి ఇప్పుడు తలుపు తోసుకొచ్చాడంటే ఈవిడకి మతి పోయిందని వీధంతా చాటుతాడు. చాటనీ. చక్రం ఆగితే మిషను కింద కూర్చున్న మనవరాలి మాట కూడా ఆగిపోతుంది. ఆ పిల్ల నోట మాట వినడానికి ఆవిడ ఉత్త మిషనే కాదు, రోడ్డు రోలరునైనా తొక్కుతుంది.

"పెద్ద గుండీ ఏమందో తెలుసా అమ్మమ్మా?" కిందినుంచి గొంతు వచ్చింది.

"ఏమంది?"

"నువ్వు నాలుగు కన్నాలదానివి, నాకు రెండే కన్నాలు, నా పక్కన కూర్చోకు అంది."

"అబ్బో, ఎంత పొగరు! మరి నాలుగు కన్నాలది ఊరుకుందా?"

"ఊరుకుంది. దానికి స్కూల్లో మాట రాదు కదా. ఇంట్లో వస్తుంది."

గుండీల డబ్బా పిల్ల ఒళ్ళో ఉంది. చొక్కా గుండీలు, కోటు గుండీలు, ఎవరివో ఎప్పుడో ఊడిపోయినవి, వాటన్నిటికీ పేర్లు, చుట్టరికాలు, తగాదాలు ఉన్నాయి. పిల్లకి కూడా ఒక అసలు పేరు ఉంది గాని, అది బడిలో హాజరు పిలిచేటప్పుడే బయటికొస్తుంది. అప్పుడు పిల్ల చెయ్యి ఎత్తుతుంది తప్ప నోరు విప్పదు. రెండో తరగతికి వచ్చింది, ఇంతవరకు బడిలో ఒక్కరు కూడా దాని గొంతు వినలేదు. తల్లితో తలుపులు వేసి ఉంటే రెండు గుసగుసలు. ఊళ్ళు తిరిగే ఉద్యోగం చేసే తండ్రి ఇంటికొచ్చిన రోజున అవి కూడా ఉండవు. అమ్మమ్మ దగ్గర మాత్రం, అదీ మిషను చప్పుడు చాటున, ఆపకుండా వాగుతుంది. అందుకే ఆవిడ దానికి పిట్ట అని పేరు పెట్టుకుంది. ఆ పేరు విని బడిలోవాళ్ళు నవ్వుకుంటారేమో, వాళ్ళకేం తెలుసు?

ఇవాళ మాత్రం మిషనమ్మ మనసు కథ మీద లేదు. మడత పెట్టిన కర్టెన్ల కింద ఫోను ఉంది. థెరపీ మేడం అడిగింది: "నేనింతవరకు పాప గొంతు వినలేదమ్మా. మాట స్పష్టంగా ఉందా, ఎక్కడైనా తడబడుతోందా, ఏదీ తెలీకుండా చీకట్లో తడుముకుంటున్నాను. ఇంట్లో మాట్లాడేటప్పుడు కాస్త రికార్డు చేసి తెండి. నా దగ్గర్నుంచి గడప దాటదు. పాపకి మాత్రం చెప్పకండి, చెబితే బిగుసుకుపోతుంది." నిన్న ఒకసారి ప్రయత్నించింది. తీరా వింటే మిషను గరగర తప్ప ఒక్క ముక్క వినపడలేదు.

ఆవిడ పెడల్ మీద కాలు తేల్చింది. చక్రం నెమ్మదించింది. కింద కథ కూడా నెమ్మదించింది. చేత్తో చక్రం పట్టి ఆపేసింది.

"మిషను వేడెక్కిందే పిట్టా. కాసేపు ఆగనీ. నువ్వు చెప్పు, ఆ తర్వాతేమైంది?"

గదిలో ఇంత నిశ్శబ్దం ఉంటుందని ఆవిడకే తెలీదు. పిల్ల మిషను కిందినుంచి తల బయటపెట్టి చూసింది. తలుపు వేసి ఉంది. కిటికీ వేసి ఉంది. అమ్మమ్మ మొహం ఎప్పటిలాగే ఉంది. చాలాసేపు ఆ మొహాన్నే చూసి, లేచొచ్చి ఆవిడ మోకాళ్ళకి ఆనుకుని నిలబడి, చప్పుడు లేని గదిలో మొదటిసారి కథ అందుకుంది. చిన్న గొంతు, కొంచెం బొంగురు. పదాల చివర్లు కాస్త సాగదీస్తుంది. మిషనమ్మకి ఆనందంతో గుండె నిండిపోయింది. ఆ వెంటనే కర్టెన్ల కింద ఫోను గుర్తొచ్చింది. అయినా కథ అయిపోయేదాకా కదల్లేదు.

*

థెరపీ సెంటరు ఒక మందుల షాపు మేడ మీద ఉంది. వెయిటింగ్ గదిలో నాలుగు కుర్చీలు, ఒక ఫ్యాను, గోడకి నోరు రకరకాలుగా తెరిచిన బొమ్మలు. కిటికీ పక్క కుర్చీ ప్లీడరుగారిది. కోర్టులో ఆయన లేస్తే అవతలి వాడికి ముచ్చెమటలు పోసేవిట. పక్షవాతం వచ్చాక కుడిచెయ్యితోపాటు మాట కూడా పడిపోయి, చివరికి నోట్లో ఒకే ఒక్క మాట మిగిలింది: "అదే." మంచినీళ్ళు కావాలన్నా అదే, ఫ్యాను ఎక్కువైందన్నా అదే, కొడుకు మీద కోపమొచ్చినా అదే. కోపంలో దాన్ని మూడుసార్లు అంటారు. తెచ్చి దింపేవాళ్ళు ఆయన్ని కూర్చోబెట్టి వాళ్ళ పనుల మీద వెళ్ళిపోతారు. మిషనమ్మ ఆయనకి రోజూ నమస్కారం పెడుతుంది. పిట్ట ఆయన కుర్చీకి దూరంగా, గోడవైపు తిరిగి కూర్చుంటుంది.

మేడం వయసులో చిన్నది. పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకోదు, పక్కన కూర్చుంటుంది. ప్రశ్న వెయ్యదు. మొదటి రోజుల్లో ఆవిడ తలుపు బయటే ఉండేది. లోపల అమ్మమ్మ, మనవరాలు ఆడుకునేవారు. తర్వాత తలుపు కొంచెం తెరిచింది. తర్వాత గదిలో మూల కుర్చీ వేసుకుని తన పని తాను చేసుకుంటున్నట్టు కాగితాలు తిరగేసింది. కుర్చీని రోజుకింత దగ్గరికి జరుపుతుంది, అంతే. ఇప్పుడు మేడం బల్లకి అవతలి చివర ఉన్నా, పిట్ట అమ్మమ్మ చెవిలో గుసగుసలాడుతోంది. మేడానికి అది పండగ. మిషనమ్మకి మాత్రం, ఇంత చదువు చదివి కుర్చీలు జరపడమేనా అని మొదట్లో నవ్వొచ్చింది. ఇప్పుడు తనే కుర్చీ ఎంత జరిగిందో ఓరకంట చూసుకుంటోంది.

ఆ రోజు పిల్లని నీటిబుడగలు ఊదుకోమని వదిలి మేడం రికార్డింగు విన్నది. చెవుల్లోంచి తీగలు తీశాక ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఒక్క అక్షరం వంక లేదమ్మా. ఎంత చక్కగా చెబుతోంది! ఇది మాట రాకపోవడం కాదు, గొంతు దగ్గర భయం అడ్డుపడుతోంది. తొందరపెట్టకపోతే చాలు. నెల తిరిగేసరికి నా ముందు పెదవి కదుపుతుంది చూడండి."

"మరి బడిలో?"

"బడి సంగతి తర్వాత. ముందు నేను, తర్వాత ఒక స్నేహితురాలు, తర్వాత టీచరు. మెట్టు మెట్టుగా."

మిషనమ్మ ఇంటికొస్తూ దారిలో కూతురికి ఫోను చేసి ఈ మాటలన్నీ పొల్లు పోకుండా చెప్పింది. ఆ రాత్రి కూతురు ఆవిడ ఫోను తీసుకుని, పిల్ల నిద్రపోయాక, రికార్డింగు రెండుసార్లు విని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తన కూతురి గొంతు అంతసేపు ఆ తల్లి కూడా ఎప్పుడూ వినలేదు మరి.

*

బడి వదిలే వేళకి మిషనమ్మ గేటు దగ్గర నిలబడింది. పిల్లలు గుంపుగా బయటికొస్తున్నారు. ఆ గుంపు మధ్యలో పిట్ట. ఎప్పుడూ అందరికన్నా ఆఖర్న, గోడవార నడిచొచ్చే పిల్ల ఇవాళ నడిమధ్యలో ఉండేసరికి ఆవిడకి ఒక్క క్షణం సంతోషమేసింది.

"నాలుగు కన్నాలూ! ఏయ్ నాలుగు కన్నాలూ! మళ్ళీ చెప్పవే!"

"పెద్ద గుండీ ఏమందీ?"

"నీకు మాటలొచ్చుగా, దొంగా! టీచరు వినిపించిందిగా!"

వాళ్ళు ఏడిపించడం లేదు. అదే అన్నిటికన్నా ఘోరం. చప్పట్లు కొడుతున్నారు, చెయ్యి పట్టుకుని లాగుతున్నారు, ఒక పిల్ల ముద్దు కూడా పెట్టింది. జడలు వేసుకున్న ఒకమ్మాయి మిషనమ్మ దగ్గరికి పరిగెత్తుకొచ్చి, "అమ్మమ్మగారూ, మీ గొంతు కూడా విన్నాం. మిషను వేడెక్కిందే పిట్టా అన్నారు కదా!" అని చెప్పి నవ్వుతూ వెళ్ళిపోయింది.

పిట్ట మొహంలో ఏడుపు లేదు, కోపం లేదు, అసలు ఏమీ లేదు. పుస్తకాల సంచి అందుకోబోతే ఇవ్వలేదు. ఇంటిదాకా రెండడుగులు ముందే నడిచింది. ఇంటికెళ్ళాక బూట్లు విప్పి, బట్టలు మార్చుకుని, పక్కగదిలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది.

మిషనమ్మ మిషను ముందు కూర్చుని తొక్కింది. చక్రం తిరుగుతూనే ఉంది. మిషను కింద ఎవరూ లేరు. చాలాసేపు తొక్కీ తొక్కీ, "పిట్టా, పెద్ద గుండీ నిన్ను రమ్మంటోందే" అని కేకేసింది. జవాబు లేదు. మరునాడు కూడా లేదు. ఆకలేస్తోందా అంటే తల ఊపుతుంది, జడ వెయ్యనా అంటే వచ్చి వీపు చూపించి కూర్చుంటుంది. కళ్ళలోకి మాత్రం చూడదు. ప్రపంచంలో ఆ పిల్ల మాట వినే మనిషి ఒక్కతే ఉండేది, ఇప్పుడు ఆ ఒక్కతే కూడా లేకుండా పోయింది.

*

మూడోనాడు పొద్దున్నే మిషనమ్మ సెంటరు మేడమెట్లు ఒంటికాలి మీద ఎక్కినంత పని చేసింది. వెయిటింగ్ గదిలో ప్లీడరుగారికి నమస్కారం కూడా పెట్టలేదు.

"గడప దాటదన్నారు కదమ్మా! మీ నోటితో మీరే అన్నారు. నా పిల్ల గొంతు ఊరందరికీ పంచిపెట్టడానికా నాతో ఆ పాపం చేయించారు? చదువుకున్నవాళ్ళు, మీకు మాట మీద నిలబడటం రాదా?"

మేడం చేతిలో బొమ్మల కార్డులు అలాగే ఉండిపోయాయి. "ఏం జరిగిందమ్మా? ముందు కూర్చోండి."

జరిగింది చెబుతుంటే మేడం మొహం పాలిపోయింది. కార్డులు బల్ల మీద పెట్టి తల పట్టుకుంది. "క్లాసులోనా? అందరి ముందా? అయ్యో, ఇన్నాళ్ళ పనీ..." అని ఆగి, "నేను ఎవరికీ పంపలేదమ్మా. మీ ఫోనులోనే విన్నాను. మీ చేతికే తిరిగిచ్చాను. గుర్తు తెచ్చుకోండి," అంది.

మిషనమ్మ గుర్తు తెచ్చుకుంది. అవును, విని ఫోను తిరిగి ఇచ్చేసింది. మెట్లెక్కేటప్పుడున్న ఆవేశమంతా చప్పున దిగిపోయింది.

"పాపకి చెప్పకుండా చెయ్యమనడం మాత్రం నా తప్పే," అంది మేడం, నేల చూస్తూ. "నాకు తొందరెక్కువైంది. దానికి మీరు ఏమన్నా పడతాను."

మిషనమ్మ లేచి వచ్చేసింది. తన ఫోను ముట్టుకునే మనిషి ఇంకొక్కతే ఉంది.

సాయంత్రం కూతురు డ్యూటీ దిగి వచ్చింది. పెద్ద బట్టలషాపులో బిల్లు కౌంటరు, పొద్దుటినుంచీ నిలబడే ఉండాలి. కుర్చీలో కూలబడి మడమలు నొక్కుకుంటోంది. మిషనమ్మ ఎవరిదో చొక్కా చేతి కుట్టు విప్పుతూ, తల ఎత్తకుండా అడిగింది.

"బడికి పంపింది నువ్వేనా?"

కూతురు మడమ నొక్కడం ఆపలేదు. "నేనే."

"ఎవర్నడిగి?"

"ఎవర్నడగాలి? నా కూతురు." కాలు కింద పెట్టింది. "హెడ్మిస్ట్రెస్ నన్ను పిలిచి ఏమందో నీకు తెలుసా? మాట రాని పిల్లల బడి ఊరి చివర ఉందిట, అక్కడ చేర్పించుకోండి, వచ్చే ఏడు మేం ఉంచుకోలేం అంది. నా కూతురికి మాటలొచ్చండీ అంటే నవ్వింది. నవ్విందమ్మా! అందుకని వినిపించాను. ఆవిడ టీచరుకిచ్చింది. టీచరు సంతోషం పట్టలేక క్లాసులో పెట్టింది. అది నేను పెట్టమన్నానా?"

"సంతోషం పట్టలేక!" మిషనమ్మ చేతిలో బ్లేడు గుడ్డలోకి దిగి చొక్కా చిరిగింది. "అది నాతో కూడా మాట్లాడటం మానేసింది, తెలుసా? నన్ను చూడ్డం కూడా లేదు. ఒక్క మాట, నాతో ఒక్క మాట చెప్పి పంపలేకపోయావా? కన్నతల్లివే, ఇంత ద్రోహం ఎలా చేశావే?"

కూతురు తల ఎత్తి తల్లిని తిన్నగా చూసింది.

"అది నమ్మి మాట్లాడుతుంటే, కర్టెన్ల కింద ఫోను పెట్టింది నేనా?"

మిషనమ్మ చిరుగుని వేళ్ళతో కూడదీసి చూసుకుంది. అతుక్కునే చిరుగు కాదు. వేరే గుడ్డ వెయ్యాలి.

*

"ఇవాళ పాపని లోపలికి కూడా పిలవను," అంది మేడం మళ్ళీ పిల్లతో వెళ్ళినప్పుడు. "గది చూస్తేనే భయపడుతుంది. ఇక్కడే కూర్చోనివ్వండి. నేను లోపల ఇంకో బాబుని చూసి వస్తాను."

పిట్ట తన మూల కుర్చీలో గోడవైపు తిరిగి కూర్చుంది. ప్లీడరుగారు కిటికీ పక్కన ఎడంచేత్తో కుడిచేతి వేళ్ళని ఒక్కొక్కటే విప్పుకుంటున్నారు, మేడం నేర్పిన కసరత్తు అది. మిషనమ్మ నీళ్ళ సీసా తీసుకుని వరండా చివర కుళాయి దగ్గరికి వెళ్ళింది. కుళాయి సన్నటి ధార. సీసా నిండటానికి చాలాసేపు పట్టింది. ఆ కాస్త ఒంటరితనం ఆవిడకి హాయిగానే ఉంది. మనవరాలి వీపు చూస్తూ కూర్చోవడం కన్నా నయం.

తిరిగి వస్తుంటే గొంతు వినిపించింది. ముందు ఇంకెవరి పిల్లో అనుకుంది. నాలుగడుగులు వేశాక కాళ్ళు ఆగిపోయాయి. చిన్న గొంతు, కొంచెం బొంగురు, పదాల చివర్లు సాగదీస్తూ. తలుపు ఓరగా వేసి ఉంది.

"...అది కాదు తాతగారూ. నాలుగు కన్నాలది చచ్చిపోయింది. ఇది కొత్త గుండీ. దీనికి కన్నాలే లేవు."

"అదే?" అన్నారు ప్లీడరుగారు. అడుగుతున్నట్టే ఉంది.

"లేవు. కన్నాలుంటే ఎవరో ఒకరు సూది గుచ్చి కుట్టేస్తారు కదా. దీన్ని ఎవరూ కుట్టలేరు."

"అదే." ఒప్పుకున్నారు.

మిషనమ్మ సీసా జారిపోకుండా రెండు చేతులతో పట్టుకుంది. మిషను లేదు. గుసగుస కాదు. తలుపులు వేసిన ఇల్లు కాదు. పరాయి చోట, పరాయి మనిషితో, తన పిల్ల మాట్లాడుతోంది! మేడం కుర్చీలు జరిపింది దీనికోసం, కూతురు హెడ్మిస్ట్రెస్ ముందు నవ్వులపాలయింది దీనికోసం. పరిగెత్తి మేడాన్ని పిలవాలనిపించింది. కూతురికి ఫోను చెయ్యాలనిపించింది. పట్టరాని సంతోషం ఎలా ఉంటుందో, ఆ టీచరమ్మకి ఏమయిందో అప్పుడు తెలిసింది ఆవిడకి.

"మీరు ఎవరికీ చెప్పరు కదూ?" లోపలినుంచి పిల్ల గొంతు తగ్గింది. "మీకు రాదు కదా. మేడానికి చెప్పకండి, అమ్మకి చెప్పకండి. మా అమ్మమ్మకి అసలు చెప్పకండి. ఆవిడ మంచిగా మొహం పెట్టి వింటుంది, తర్వాత అందరికీ వినిపిస్తుంది."

"అదే," అన్నారు ప్లీడరుగారు, చాలా మెల్లిగా.

మిషనమ్మ గోడకి ఆనుకుంది. లోపలికెళ్ళి, పంపింది నేను కాదే తల్లీ, మీ అమ్మ, అని చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెబితే నిజమే అవుతుంది. కానీ చక్రాన్ని చేత్తో పట్టి ఆపింది ఎవరు? ఆ పిల్ల అంతసేపు మొహంలోకి చూస్తుంటే, ఏమీ ఎరగనట్టు మొహం పెట్టింది ఎవరు? చిన్నపిల్ల అయితేనేం, దానికి సరిగ్గానే అర్థమైంది. తననెవరో మోసం చేశారని ఈ నాలుగు రోజులూ ఊరి మీద పడి ఏడ్చిన ఆవిడకి, ఆ మోసం చేసిన మొహం తనదేనని తెలిశాక ఇప్పుడు ఏడుపు కూడా రాలేదు. చాటుగా నిలబడి ఇప్పుడు చేస్తున్నది కూడా అదే పని.

వెనక్కి తిరిగి, చెప్పులు చేతిలోకి తీసుకుని, కుళాయి దాకా వెళ్ళిపోయింది. అక్కడినుంచి ఏమీ వినపడదు. నిండిన సీసాని పారబోసి మళ్ళీ పట్టింది. మళ్ళీ పారబోసింది. చాలినంతసేపు అయిందనుకున్నాక చెప్పులు వేసుకుని, వాటిని ఈడ్చుకుంటూ, అక్కర్లేని దగ్గు దగ్గుతూ వచ్చింది. తలుపు తోసేసరికి పిట్ట గోడవైపు తిరిగి ఉంది. తన అడుగుల చప్పుడుకే ఆ పిల్ల నోరు మూతబడటం, అది మాత్రం ఆవిడ తట్టుకోలేకపోయింది. మొహం కొంగుతో తుడుచుకుంటున్నట్టు కాసేపు కప్పుకుంది.

మెట్ల మీద హడావిడిగా అడుగులు. షాపు యూనిఫాం కూడా మార్చుకోకుండా కూతురు వచ్చింది. పర్మిషన్ అడిగి వచ్చినట్టుంది, ఆయాసపడుతోంది. లోపలి గది తలుపు తెరుచుకుని మేడం కూడా వచ్చింది.

"రేపు హెడ్మిస్ట్రెస్ మళ్ళీ రమ్మంది. ఫోనులో మాట్లాడితే చాలదుట, ఏదో ఒకటి తేల్చి చెప్పమంది," అంది కూతురు. "ఏమైనా మాట్లాడిందా? ఇవాళైనా?"

"నేను లోపలున్నానండీ," అంది మేడం. "అమ్మగారే ఇక్కడున్నారు."

ఇద్దరూ మిషనమ్మ వంక చూశారు. కూతురి కళ్ళ కింద నల్లటి చారలున్నాయి. ఒక్క మాట చాలు, ఆ మొహం విచ్చుకుంటుంది. రేపు తలెత్తుకుని ఆ ఆఫీసు గదిలోకి వెళుతుంది. ప్లీడరుగారి ఎడంచెయ్యి కుడిచేతి వేళ్ళ మీద ఆగిపోయింది. గోడవైపు తిరిగిన చిన్న వీపు కర్రలా బిగుసుకుంది.

"నేనేమీ వినలేదు," అంది మిషనమ్మ.

"వినలేదా, అది మాట్లాడలేదా?"

"నీళ్ళకి వెళ్ళాను. నేనేమీ వినలేదు."

"మరి రేపు నేను ఆవిడకేం చెప్పను?"

"ఇంకా టైము కావాలని చెబుదాం. నేను వస్తాను నీతో. కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను."

కూతురు చేతులు వేలాడేసింది. మేడం ఏదో అనబోయి, మిషనమ్మ మొహం చూసి ఊరుకుంది. ప్లీడరుగారు ఆవిడ కేసి చాలాసేపు చూసి, తల కొంచెం వంచారు.

పిట్ట కుర్చీ దిగింది. తల్లి దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకుంది. గుమ్మం దాటబోతూ ఆగి, వెనక్కి తిరిగి, అమ్మమ్మ మొహంలోకి చూసింది. ఆ రోజు మిషను దగ్గర చూసినట్టే, అంతసేపూ. మిషనమ్మ చూపు తిప్పుకోలేదు.

నమ్మకం కుదరలేదు కాబోలు. పిల్ల తలతిప్పుకుని తల్లితో మెట్లు దిగిపోయింది. మిషనమ్మ సీసా పట్టుకుని, వాళ్ళ మాటలు వినపడనంత వెనగ్గా నడిచింది.